ఒక్కరోజు స్కీయింగ్: గుల్మార్గా, ఔలీయా, సొలాంగా, షింబులాకా?

పోయిన డిసెంబర్లో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, జనవరిలో నాలుగైదు రోజులు సెలవు దొరికేట్టుంది. ఒక్కరోజు స్కీయింగ్ చేసి, మిగతా టైమంతా కొండ మీద హాయిగా పడుకోవాలి. ఎక్కడికెళ్లమంటావ్?" నేను బడ్జెట్ ఎంత అని అడగలేదు. "చెల్లెమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అన్నాను. ముందు నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉందని ఒప్పించేసరికి అరగంట పట్టింది. అప్పుడు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మనాలి దగ్గరి సొలాంగ్, కశ్మీర్లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ, కజకిస్తాన్‌లోని షింబులాక్: ఈ నాలుగూ నేను పడి లేచిన చోట్లే.

కోస్తాలోనో తెలంగాణలోనో పుట్టి పెరిగి, మంచుని ఫ్రిజ్‌లోనూ హైదరాబాద్ స్నో వరల్డ్‌లోనూ తప్ప చూడని మనిషి మొదటిరోజు ఎంతసేపు స్కీయింగ్ చేయగలడు? రెండు గంటలు. ఒళ్లు వంచి పనిచేసే అలవాటున్నవాళ్లు మూడు. అంతకు మించి కుదరదు. స్కీ బూటు మనం రోజూ వేసుకునే బూటు లాంటిది కాదు, గట్టి ప్లాస్టిక్ డొప్ప. తొడిగి క్లిప్పులు బిగిస్తే చీలమండ కదలదు. మోకాళ్లు ఎప్పుడూ కాస్త ముందుకు వంగే ఉండాలి. వేగం తగ్గించాలంటే రెండు స్కీల (బూట్లకి బిగించే పొడవాటి పలకల) ముందు కొసలు దగ్గరకు తెచ్చి, వెనక కొసలు బయటికి నెట్టాలి. పైనుంచి చూస్తే పెంకుటింటి కప్పులా కనిపిస్తుంది. నేర్పేవాళ్లు దీన్ని "పిజ్జా, పిజ్జా" అని అరుస్తారు. ఆ పిజ్జా గంటసేపు పట్టుకుంటే వంద గుంజీళ్లు తీసినట్టు తొడలు మండుతాయి. పడటానికి భయపడక్కర్లేదు, మంచు మెత్తగానే ఉంటుంది. లేవటమే అసలు పని. పదిసార్లు పడి లేచాక ఆకలి, దాహం, ఇంటి బెంగ మూడూ ఒకేసారి వస్తాయి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. పొద్దున పదింటికి మొదలుపెడితే భోజనం వేళకి స్కీలు తిరిగిచ్చేస్తారు. ఆ రెండు గంటలూ మీరు జారేది యాభై, వంద మీటర్ల బుల్లి వాలు మీద. ఆ వాలు కశ్మీర్లో ఉన్నా కజకిస్తాన్లో ఉన్నా ఒకటే. "ఆసియాలో ఎత్తయిన గొండోలా (కేబుల్ కారు)", "ప్రపంచంలోనే మెత్తని పౌడర్ (పొడి మంచు)" లాంటి మాటలు మొదటిసారి వెళ్లేవాళ్లకి ఎందుకూ పనికిరావు. మీరు చూసుకోవాల్సింది మిగతా రోజు: కొండ దగ్గరికి ఎంత అలసిపోయి చేరతారు, స్కీలు విప్పాక ఎక్కడ నడుం వాలుస్తారు, మీతో వచ్చి స్కీయింగ్ చేయనివాళ్లు ఆ రోజంతా ఏం చేస్తారు. నేను ఏ చోటునైనా ఈ మూడింటితోనే తూకం వేస్తాను.

సొలాంగ్

మనవాళ్లు మంచు అనగానే మొదట మనాలి టికెట్లే చూస్తారు. ప్యాకేజీలన్నీ అటే తోస్తాయి. మనాలికి 13 కిలోమీటర్ల దూరంలో, 2,500 మీటర్ల ఎత్తున ఉంటుంది సొలాంగ్ లోయ. ఢిల్లీ నుంచి మనాలికి 530 కిలోమీటర్ల పైమాటే. రాత్రి ఓల్వో ఎక్కితే పన్నెండు, పద్నాలుగు గంటలు. దిగేసరికి ఒళ్లు హూనం.

మనాలి నుంచి సొలాంగ్ దారిలో నంబర్లు వేసిన కొట్లు వరసగా కనిపిస్తాయి. టాక్సీవాడు వాటిలో ఒకదాని ముందు ఆపుతాడు. ఒంటికి ఒకే తొడుగులా ఉండే మంచు సూటు, రబ్బరు బూట్లు అక్కడ అద్దెకిస్తారు. ఎవరు ఆపమన్నారని అడిగితే జవాబుండదు. అక్కడి స్కీ వాలు మీద జనవరి శనివారం నాడు స్కీలకన్నా ట్యూబులు, స్నో స్కూటర్లు, గుర్రాలు, జడల బర్రెలు, ఫోటోలు తీసేవాళ్లు ఎక్కువ. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గంటకని డబ్బు కట్టాను. ఒకాయన నా చేతులు పట్టుకుని ఇరవై అడుగులు లాక్కెళ్లి, కర్రలు ఎత్తమని ఫోటో తీసి, "అయిపోయింది సార్" అన్నాడు. గడియారం చూస్తే పద్దెనిమిది నిమిషాలు. దీన్ని నేను ఫోటో స్కీయింగ్ అంటాను. తప్పేం కాదు, కానీ అది స్కీయింగ్ అనుకుని వెళ్తే మాత్రం కోపం వస్తుంది.

నేర్చుకోవాలనే వెళ్తే మనాలిలో 1961 నుంచీ ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ ఉంది, ఇప్పుడు దానికి వాజపేయి పేరు. సీజన్లో సొలాంగ్ వాలు మీదే కోర్సులు నడుపుతారు. కానీ అవి రోజుల లెక్కన ఉంటాయి, ఒక్కపూటకి కుదరవు.

సొలాంగ్‌కి ఉన్న బలం వేరే చోట ఉంది. మనాలికి మూడు కిలోమీటర్ల దూరంలో వశిష్ఠ గుడి ఉంది. అక్కడ గంధకపు వేడినీటి ఊటలు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా నీటి తొట్లు. బయట మంచు కురుస్తుంటే మెడదాకా వేడినీళ్లలో కూర్చోవడం, అదీ పైసా కట్టకుండా. మనదేశంలో స్కీయింగ్ తర్వాతి విశ్రాంతికి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. 2020 అక్టోబర్లో మొదలైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి లాహౌల్ వైపు సిస్సూ దాకా వెళ్తే సొలాంగ్‌లో కన్నా మంచు మిగిలి ఉంటుంది. నాన్నమ్మ, చంటిపిల్లలు, అందరూ కలిసి మంచు చూడాలి అనుకుంటే మనాలికే వెళ్లండి. స్కీయింగ్ కోసం వద్దు.

గుల్మార్గ్

శ్రీనగర్ ఎయిర్‌పోర్టు నుంచి దాదాపు 55 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో రెండు గంటల లోపే. హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరితే ఢిల్లీ మీదుగా ఆ సాయంత్రానికే కొండ మీద ఉండొచ్చు. అలసట లెక్కలో మన దేశంలో దీన్ని కొట్టేది లేదు. ఒక్కటే మెలిక: టంగ్‌మార్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మంచు పడితే మామూలు కారు అక్కడే ఆపేస్తారు, చెయిన్లు కట్టిన బండో ఫోర్ వీల్ డ్రైవో మాట్లాడుకుని ఎక్కాలి. బేరం టంగ్‌మార్గ్‌లో చలికి వణుకుతూ చేసేకన్నా, హోటల్‌వాళ్లనే బండి పంపమని ముందే చెప్పుకోవడం మంచిది.

గుల్మార్గ్ అంటే ఒక పెద్ద పళ్లెం లాంటి మైదానం, 2,650 మీటర్ల ఎత్తున. ఎండాకాలంలో గోల్ఫ్ ఆడే ఆ పచ్చిక మీదే చలికాలం పసివాళ్లూ, మనలాంటి పెద్ద పసివాళ్లూ స్కీ నేర్చుకుంటారు. తాడు పట్టుకుని పైకి లాక్కెళ్లే చిన్న లిఫ్టులు అక్కడ ఉంటాయి. పైకి వెళ్లడానికి గొండోలా రెండు దశలు. 1998లో మొదలైన మొదటి దశ కొంగ్‌డోరీ దాకా, 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్ శిఖరం భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మొదటిసారి స్కీలు తొడిగినవాళ్లకి రెండో దశతో పని లేదు. స్కీలు కట్టుకుని అసలు ఎక్కొద్దు. అక్కడినుంచి కిందికి గుర్తులు పెట్టి చదును చేసిన దారి ఉండదు, అంతా తాకని మంచే. దానికోసమే దేశదేశాల స్కీయర్లు వస్తారు. 2023లోనూ 2024లోనూ ఫిబ్రవరి నెలల్లో మంచు చరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు చనిపోయింది ఆ కొండ మీదే. వాళ్లు మనకన్నా వంద రెట్లు స్కీయింగ్ వచ్చినవాళ్లు.

చూడటానికి మాత్రం రెండో దశ ఎక్కండి, గాలి లేని రోజైతే. గాలి కాస్త లేచినా ఆపేస్తారు. విజయవాడ నుంచి రెండ్రోజుల క్రితం బయల్దేరిన మనిషి ఒకేసారి నాలుగువేల మీటర్లకి వెళ్తే తల పట్టేయడం మామూలే. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లని కొంగ్‌డోరీ దగ్గరే టీ తాగుతూ కూర్చోమనండి. గొండోలా టికెట్లు ప్రభుత్వ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్లో ముందే కొనాలి. సీజన్లో త్వరగా అయిపోతాయి. కౌంటర్ దగ్గర "నేను ఇప్పిస్తా" అనేవాళ్లకి డబ్బు ఇవ్వొద్దు.

నేర్పేవాళ్ల సంగతికొస్తే గుల్మార్గ్‌కి తిరుగులేదు. ఇక్కడి పిల్లలు నడకతో పాటే స్కీయింగ్ నేర్చుకుంటారు. 2022 బీజింగ్ చలికాలపు ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్ ఈ చుట్టుపక్కల ఊరివాడే. బేరం కుదుర్చుకునేటప్పుడు మూడు విషయాలు గట్టిగా మాట్లాడుకోండి: ఎన్ని గంటలు, ఒకరికి ఒకరా లేక నలుగురికి ఒకరా, లిఫ్టు డబ్బులు అందులోనేనా. ఇక్కడా ఫోటో స్కీయింగ్ ఉంది. శ్రీనగర్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకి చేయించేది అదే. ఒక రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు టూరిస్టు బళ్లు ఎక్కి రాకముందే తొమ్మిదిన్నరకి వాలు మీద ఉంటే ఆ మైదానం సగం ఖాళీగా ఉంటుంది. రెండు గంటల్లో మీరు నేర్చుకునేది రెట్టింపవుతుంది. ఇది నేను రెండోసారి వెళ్లినప్పుడు గానీ తెలుసుకోలేదు.

స్లెడ్జ్ లాగేవాళ్లు వెంటపడతారు. చెక్కబల్ల మీద కూర్చోబెట్టి మనిషి మనిషిని లాగే బండి. నాకది ఎక్కబుద్ధి కాదు. వాళ్లకి చలికాలపు కూలి మాత్రం అదే. ఒకాయనకి బ్యాగులు మోయమని డబ్బిచ్చాను, ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

ఇక విశ్రాంతి. గుల్మార్గ్‌లో వేడినీటి ఊటలు లేవు. పెద్ద హోటళ్లలో స్పా, వేడిచేసిన ఈతకొలను ఉంటాయి, బిల్లు కూడా పెద్దదే. మధ్యరకం హోటల్లో దొరికేది బుఖారీ, అంటే గదిలో కట్టెలు మండే ఇనప పొయ్యి. దాని ముందు తడి మేజోళ్లు ఆరబెట్టుకుని, కుంకుమపువ్వు, యాలకులు, బాదం పలుకులు వేసిన కహ్వా తాగుతూ కిటికీలోంచి మంచు చూడటం. ఇంతకు మించి ఏం లేదు, ఇంతకు మించి అక్కర్లేదు కూడా. గది బుక్ చేసేముందు రెండు అడగండి: రాత్రంతా వేడి ఉంటుందా, కరెంటు పోతే జనరేటర్ ఎన్నిగంటలదాకా నడుపుతారు. రాత్రి సున్నాకి పది డిగ్రీలు కిందికి పోయే చోట ఇవి చిన్న ప్రశ్నలు కావు. స్కీయింగ్ చేయనివాళ్లు 1902 నాటి సెయింట్ మేరీస్ చర్చి దాకా, 2024లో మంటల్లో కాలిన మహారాణి గుడి ఉన్న గుట్ట దాకా మంచులో నడిచి రావచ్చు. దిగి వచ్చాక శ్రీనగర్ పాతబస్తీలో తెల్లవారుజామున అమ్మే హరీసా తినండి. మటన్‌ని రాత్రంతా ఉడికించి మెదిపి చేస్తారు. మన హలీమ్‌కి దూరపు చుట్టం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మంచు, పొగమంచు వల్ల శ్రీనగర్ విమానాలు రద్దవుతుంటాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. 2025 జూన్ నుంచి శ్రీనగర్ కట్రా మధ్య వందే భారత్ రైలు నడుస్తోంది కాబట్టి ఇరుక్కుపోతే ఒక దారి ఉంది. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇక భద్రత. 2025 ఏప్రిల్లో పహల్గామ్ దాడి తర్వాత కశ్మీర్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. తీసిపారేసే భయం కాదది. బయల్దేరే వారం ముందు అధికారిక సూచనలు చూడండి, డబ్బు వెనక్కొచ్చే టికెట్లే కొనండి. ఉన్న మూడ్రోజులూ గంటకోసారి అమ్మ ఫోన్ చేసేట్టయితే మీకది విశ్రాంతి కాదు, వేరే చోటు చూసుకోండి.

ఔలీ

ఔలీ గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే ఒక్కరోజు స్కీయింగ్‌కి అది కుదరదు. రిషీకేశ్ నుంచి జోషిమఠ్‌కి 250 కిలోమీటర్ల కొండదారి. ఎంత తక్కువన్నా తొమ్మిది గంటలు. రోడ్డు పని నడుస్తుంటే ఇంకా ఎక్కువ. జోషిమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల పొడవున రోప్‌వే ఉండేది. 2023 జనవరిలో ఊరి నేల కుంగి ఇళ్లు బీటలువారినప్పటి నుంచి దాన్ని ఆపేశారు. పాత వీడియోలు చూసి రోప్‌వే మీద ఆశపెట్టుకుని వెళ్లొద్దు, రోడ్డు మీద జీపులోనే ఎక్కాలి.

అయితే వారం రోజులు చేతిలో ఉండి, నిజంగా స్కీయింగ్ నేర్చుకోవాలనుంటే నేను ఔలీకే పంపిస్తాను. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ సీజన్లో 7 రోజుల, 14 రోజుల కోర్సులు నడుపుతుంది. వాలు వెడల్పుగా, చెట్ల మధ్య ఒద్దికగా ఉంటుంది. 2011లో దక్షిణాసియా చలికాలపు క్రీడలు జరిగిన వాలు అది. గుల్మార్గ్ అంత రద్దీ ఉండదు. పొద్దున లేచి చూస్తే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. ఆ ఒక్క దృశ్యం ముందు మిగతా మూడు చోట్లూ చిన్నబోతాయి. దారంతా దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ తగులుతూనే ఉంటాయి. జోషిమఠ్‌లో నరసింహస్వామి గుడి ఉంది. బదరీనాథ్ తలుపులు మూసే చలికాలంలో శంకరాచార్యుల గద్దీ (పీఠం) ఉండేది అక్కడే. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు ఆవిడకి స్కీయింగ్ కనపడలేదు, ప్రయాగలే కనపడ్డాయి. యాత్రా అయింది, మంచూ అయింది. అలాంటి కుటుంబాలకి ఔలీ సరిగ్గా సరిపోతుంది. మంచు మాత్రం నమ్మకం లేదు. అది చాలక పోటీలు వాయిదాపడ్డ సంవత్సరాలున్నాయి. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పెట్టుకోవడం మేలు.

షింబులాక్

ఇది చూసి "విదేశమా?" అని పక్కన పెట్టేయకండి. కజకిస్తాన్‌కి మన పాస్‌పోర్టు మీద 14 రోజుల లోపు ఉండటానికి 2022 నుంచీ వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి అల్మాటీకి నేరుగా విమానాలున్నాయి. ఆ ప్రయాణం ఢిల్లీ–మనాలి బస్సులో గడిపే టైములో సగం కూడా ఉండదు. ఖర్చు కూడా జనం అనుకునేంత కాదు. గుల్మార్గ్‌లో పెద్ద హోటల్ తీసుకునే కుటుంబం ఆ డబ్బుతో అల్మాటీలో ఇంకో రెండ్రోజులు ఉండగలదు.

నాకు నచ్చింది అక్కడి రోజు సాగే తీరు. అల్మాటీ పెద్ద నగరం, దాని వెనక గోడలా త్యాన్‌షాన్ కొండలు. హోటల్ కజకిస్తాన్ ముందు 12వ నంబర్ సిటీ బస్సు ఎక్కితే మెదెవ్‌లో దింపుతుంది. 1,691 మీటర్ల ఎత్తున పెద్ద ఐస్ స్కేటింగ్ మైదానం అది. అక్కడినుంచి నాలుగున్నర కిలోమీటర్ల గొండోలా మిమ్మల్ని 2,260 మీటర్ల ఎత్తులోని షింబులాక్‌లో దింపుతుంది. పొద్దున హోటల్లో టిఫిన్ తిని, పదింటికి స్కీలు కట్టుకుంటారు. నిద్రపోయేది నగరంలో, తక్కువ ఎత్తులో కాబట్టి గుల్మార్గ్‌లో కొందరికి మొదటిరాత్రి పట్టే తలనొప్పి, నిద్రలేమి ఇక్కడ ఉండవు. పరికరాలు అద్దెకిచ్చేచోట మీ ఎత్తు, బరువు, బూటు సైజు అడిగి రాసుకుంటారు. పడినప్పుడు స్కీ కాలినుంచి ఊడిపోవడానికి ఎంత బిగువు ఉండాలన్నది ఆ వివరాలను బట్టే పెడతారు. మోకాలిని కాపాడేది ఆ బిగువే. మన దగ్గర ఎవరైనా అడగకుండా ఇస్తే మీరే చెప్పి పెట్టించుకోండి.

చదును చేసిన వాలులు, ఏది తేలికో ఏది కష్టమో చెప్పే బోర్డులు, ఒకే కార్డుతో అన్ని లిఫ్టులూ. గుల్మార్గ్‌లో ఉండే సందడి, బేరాలు ఇక్కడ లేవు. కబుర్లూ లేవు. ఇన్‌స్ట్రక్టర్లలో చాలామందికి రష్యన్ బాగా వస్తుంది, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంగ్లీషు వచ్చినవాళ్లు కావాలని ముందే అడగాలి. నాకు దొరికినాయనకి వచ్చిన ఇంగ్లీషు మాటలు "స్లో", "మోర్ స్లో". అవే సరిపోయాయి. స్కీయింగ్ చేయనివాళ్లు లిఫ్టులెక్కి 3,200 మీటర్ల దాకా వెళ్లి చూసి రావచ్చు, మెదెవ్‌లో స్కేటింగ్ చేయొచ్చు, ఓపికుంటే బురద వరదని ఆపడానికి కట్టిన డ్యామ్ మీదికి 842 మెట్లు ఎక్కొచ్చు.

అసలు సంగతి సాయంత్రం. నగరంలో, పన్‌ఫిలోవ్ పార్కు పక్కనే అరాసాన్ స్నానశాల ఉంది. 1982లో కట్టిన గుండ్రటి కప్పుల భవనం. రష్యన్ ఆవిరిగది, ఫిన్నిష్ సౌనా, టర్కిష్ హమామ్ మూడూ ఉన్నాయి. వేడిలో కూర్చుని, చన్నీళ్ల తొట్లో దూకి, మళ్లీ వేడిలోకి వెళ్తారు. ఎండిన ఓక్, బర్చ్ ఆకుల కట్టలు నీళ్లలో నానబెట్టి వాటితో ఒళ్లంతా కొట్టించుకుంటారు. పొద్దున పదిహేను సార్లు పడ్డ నడుముకి అది అమృతం. ఒక హెచ్చరిక: ఆడవాళ్లకీ మగవాళ్లకీ భాగాలు వేరే, కానీ లోపల బట్టలు ఉండవు. అక్కడ అందరికీ అది మామూలే. నేను మొదటి పది నిమిషాలు తువ్వాలు పట్టుకుని గోడకి అతుక్కుపోయాను, ఎవరూ నన్ను పట్టించుకోలేదు. సిగ్గు మరీ ఎక్కువైతే విడిగా గది అద్దెకు తీసుకోండి.

శాకాహారులకి కష్టం. గుర్రం మాంసం అక్కడ పండగ భోజనం. రొట్టెలు, కూరగాయల నూడుల్స్, పళ్లు దొరుకుతాయి. అల్మాటీలో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే ఉండటంతో ఇండియన్ హోటళ్లూ ఉన్నాయి. అయినా కందిపొడి పొట్లం, చిన్న నేతి సీసా బ్యాగులో పడేసుకోండి. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు స్కీయింగ్‌లో దెబ్బలు కూడా అందులోకి వస్తాయో లేదో చూడండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి రావు.

దుబాయ్‌లో ఉండే మనవాళ్లకి ఇంకో చిట్కా. మాల్ లోపలి స్కీ దుబాయ్‌లో ఒకట్రెండు క్లాసులు ముందే తీసుకుని అల్మాటీ వెళ్తే, అసలు కొండ మీద మొదటి గంట పిజ్జా పాఠానికి పోదు.

మరి ఎవరు ఎక్కడికి

మూడ్రోజులే ఉన్నాయి, ఇద్దరే వెళ్తున్నారు, కాస్త ఖర్చుకి వెనకాడరు: గుల్మార్గ్, అదీ కొండ మీదే రెండు రాత్రులు. ఐదు రోజులున్నాయి, పాస్‌పోర్టులున్నాయి, ఒకరికి స్కీయింగ్ ఇష్టం, ఇంకొకరికి షాపింగూ స్నానాలూ ఇష్టం: కళ్లు మూసుకుని షింబులాక్. నలుగురు కుర్రాళ్లు, వారం సెలవు, నేర్చుకునే పట్టుదల ఉంటే ఔలీ. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, బడ్జెట్ తక్కువ, మంచు ముట్టుకుంటే చాలు అనుకుంటే సొలాంగ్, సాయంత్రం వశిష్ఠ. స్కీయింగ్ కోసమే సొలాంగ్ వెళ్లమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

నెల సంగతి. డిసెంబర్ చివరి వారం అన్ని చోట్లా రేట్లు ఎక్కువ, మంచు మాత్రం చాలాసార్లు తక్కువే. కశ్మీర్లో చిల్లై కలాన్ అని నలభై రోజుల గట్టి చలి డిసెంబర్ 21న మొదలవుతుంది. మైదానం మీద మంచు బాగా పేరుకునేది అది సగం గడిచాకే. ఈమధ్య అదీ తప్పుతోంది. 2024 జనవరిలో గుల్మార్గ్ గోధుమరంగు గడ్డితో బోసిగా ఉంది, నెలాఖరుకి గానీ మంచు పడలేదు. సంక్రాంతి సెలవులకన్నా ఫిబ్రవరి మొదటి రెండు వారాలే నా ఓటు.

సామాన్ల విషయంలో మనవాళ్లు చేసే పెద్ద తప్పు మేజోళ్లు. చలి అని రెండు మూడు జతలు తొడిగేస్తారు. స్కీ బూటులో అవి ముడతలుపడి, రక్తం ఆడక, కాళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి ఉన్నివి ఒక్క జతే, అదీ బూటు పై అంచు దాటి రావాలి. జీన్స్ వద్దు, తడిసి గడ్డకడుతుంది. నీరు దిగని ప్యాంటు అద్దెకు దొరుకుతుంది. చేతి తొడుగులు మాత్రం సొంతవి కొనుక్కోండి, ఊళ్లోవాళ్ల చెమట మనకెందుకు. నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. కొత్త మంచు ఎండని అద్దంలా తిప్పి కొడుతుంది, గడ్డం కింద కూడా కమిలిపోతుంది. నాకు ముక్కు మీద తోలు ఊడింది. ఆఫీసులో అందరూ "ఎక్కడికెళ్లావ్, బందరు బీచికా?" అని అడిగారు.

మా బావమరిది చివరికి గుల్మార్గే వెళ్లాడు. సంక్రాంతికి కాకుండా ఫిబ్రవరికి సెలవు మార్చుకున్నాడు, ఆ ఒక్క మాట విన్నాడు. మూడోరోజు ఫోన్ చేస్తే చెల్లెమ్మ ఎత్తింది. తను రెండు పూటలూ స్కీయింగ్ చేసిందట, చిన్న లిఫ్టు ఎక్కి ఒంటరిగా దిగొచ్చేదాకా వచ్చిందట. "మరి వాడేడమ్మా?" అన్నాను. "గదిలో బుఖారీ పక్కన పడుకున్నారన్నయ్యా. మోకాళ్లు పట్టేశాయట."